వాగ్దానాల అడుగున అసలు నంబరు

మా పాస్టరుగారి కోడలు పెళ్లయి మొదటి ఆదివారం చర్చికి వచ్చినప్పుడే నాకు నచ్చలేదు. ఆ పిల్ల చేసిన తప్పేమీ లేదు. బెజవాడలో పెరిగింది, ఇంట్లో కూర్చునే ఏదో సాఫ్ట్‌వేర్ కంపెనీకి పనిచేస్తుంది, పాట ఎత్తుకుంటే వెనక వరసలో కునుకు తీసేవాళ్లు కూడా తలెత్తి చూస్తారు. నెల తిరక్కుండానే అందరూ చిన్నమ్మగారు, చిన్నమ్మగారు అంటూ వెంటపడ్డారు. ఆమె నన్ను మాత్రం ఆంటీ అంది. నాకప్పటికి నలభై మూడేళ్లు. అక్కా అంటే ఆమె సొమ్మేం పోయింది?

నా కుళ్లుకి అసలు కారణం వేరే ఉంది. చల్లపల్లి పక్కనున్న మా ఊరి చర్చిలో హార్మోనియం వెనక ఒక చిన్న బల్ల ఉంటుంది. పదకొండేళ్లుగా ఆ బల్ల నాది. దాని మీద నా పాత ల్యాప్‌టాప్, పక్కన ప్రొజెక్టరు. పాట మొదలవగానే చరణాలు తెర మీద వేయడం నా పని. పాటల పుస్తకంలో అక్షరాలు కనబడటం లేదని ముసలివాళ్లు గొణుగుతుంటే, బడి ఆఫీసులో గుమాస్తా పని ముగించుకుని వచ్చి, ఒక్కొక్క పాటే టైపు చేసుకుంటూ ఆరువందల పైచిలుకు చేర్చాను. నాకు గొంతు లేదు. నలుగురిలో ప్రార్థన చేయమంటే నాలుక తడబడుతుంది. చర్చి భోజనాలకి నేను చేసిన సాంబారు ఎప్పుడూ సగం గిన్నె మిగిలిపోతుంది. అక్కడ నేనొకదాన్ని ఉన్నానని తెలిసేది ఆ తెర వల్లే.

ఆమె వచ్చిన రెండో నెలలో నా బల్ల దగ్గరికి వచ్చింది.

"ఆంటీ, మా చర్చిలో ఈ పాటలు పాడరండీ. ఒక కాపీ ఇస్తే ఇంట్లో చూసుకుని నేర్చుకుంటాను."

గొంతుకి తోడు పాటలు కూడా పట్టుకుపోతే ఇక నాకేం మిగులుతుంది?

"ఇవి ఈ సిస్టంలోనే తెరుచుకుంటాయమ్మా. వేరేదాంట్లో పెడితే అక్షరాలు విరిగిపోతాయి" అన్నాను. నాకు తెలిసి అది పచ్చి అబద్ధం.

"అలాగాండీ" అని నవ్వి వెళ్లిపోయింది.

నా సిస్టంకి ఇంకో గుట్టు కూడా ఉంది. కొన్నేళ్ల కిందట అది మొరాయిస్తుంటే బజారులో ఒకతని దగ్గర కొత్తగా విండోస్ ఎక్కించుకున్నాను. అతను ఎక్కించింది దొంగది. కొన్నాళ్లకి తెర కుడివైపు అడుగున, ఈ కాపీ అసలైనది కాదు అని ఇంగ్లీషులో బూడిద రంగు అక్షరాలు వచ్చి కూర్చున్నాయి. ఏం చేసినా పోవు. ఆలోచించి ఆలోచించి ప్రొజెక్టరుని కాస్త పక్కకి తిప్పాను. ఆ మూల తెర దాటిపోయి ఆకుపచ్చ కర్టెన్ మడతల మీద పడేది. ఎవరూ చూడలేదనుకుని నిశ్చింతగా ఉన్నాను.

ఒక ఆదివారం, రొట్టె, ద్రాక్షరసం ఇచ్చే ప్రభు బల్లకి ముందు ఎవరి మనసు వాళ్లు పరీక్షించుకోమని పాస్టరుగారు చెప్పి కళ్లు మూసుకున్న సమయంలో, నా తెర మొత్తం నల్లగా అయిపోయింది. నడిమధ్యలో ఇంగ్లీషు అక్షరాలతో ఒక పెట్టె తెరుచుకుంది. ముందు వరసలో మా రిటైర్డు హెడ్మాస్టరుగారు కూర్చుంటారు. ఇంగ్లీషు ముక్క ఎక్కడ కనబడినా తెలుగులో చెప్పనిదే ఆయనకి తోచదు. "ఇది అసలైనది కాదు. మీరు నకిలీ వల్ల మోసపోయి ఉండవచ్చును" అని పాఠం చెప్పే గొంతుతో చదివేశారు. ఎవరో కిసుక్కుమన్నారు. చేతికందిన మీటల్లా నొక్కాను.

"కంగారుపడకండి ఆంటీ, నాది తెస్తాను" అని ఆమె లేచింది. పక్కనే ఉన్న ఇంట్లోంచి వెండిలా మెరిసే ల్యాప్‌టాప్ తెచ్చి, ఇంటర్నెట్లోంచి పాట తీసి అయిదు నిమిషాల్లో తెర వెలిగించింది. అక్షరాలు నావాటికంటే ముచ్చటగా ఉన్నాయి. ఆరాధన అయ్యాక పాస్టరుగారి భార్య నా భుజం మీద చెయ్యి వేసి, "ఇంకనుంచి మా చిన్నదే చూసుకుంటుందిలేమ్మా, నువ్వు హాయిగా కూర్చుని పాడుకో" అన్నారు. పాడటం రాదన్న సంగతి ఆవిడకి తెలియనిదా?

అసలైన విండోస్ ఎక్కించి, మళ్లీ ఆ బల్ల దగ్గర కూర్చుని తీరాలనుకున్నాను. శుక్రవారం బడికి సెలవు పెట్టి, పాటలు పెన్‌డ్రైవులోకి లాగి, బెజవాడ బస్సెక్కాను. గవర్నరుపేటలో ఒక మేడ మీద రిపేరు షాపు. గడ్డం నెరిసిన ముస్లిం పెద్దాయన. టేబులు మీద స్క్రూలన్నీ మందుబిళ్లల డబ్బాల్లో సర్ది ఉన్నాయి.

"మొత్తం తుడిచేసి మొదటి నుంచీ ఎక్కించాలి. కావలసినవి తీసి పెట్టుకున్నారా అమ్మా?"

"తీసుకున్నానండీ" అన్నాను గర్వంగా.

ఆయన ల్యాప్‌టాప్‌ని బోర్లా తిప్పి ఆగిపోయారు. ప్రతి కొత్త సంవత్సరం రోజున మా చర్చిలో, ఆ ఏటికని బైబిల్లోంచి ఎంచిన వాగ్దాన వచనం అచ్చువేసిన స్టిక్కరు ఇస్తారు. అందరూ తలుపుకో బండికో అంటించుకుంటారు. నేను ల్యాప్‌టాప్ అడుగున, పాతదాని మీద కొత్తది, ఏటా అంటిస్తూ వచ్చాను.

"పాత మోడలు కదమ్మా, విండోస్ అసలుదని చెప్పే కంపెనీ నంబరు అడుగునే ఉంటుంది. కానీ ఇవి దేవుడి మాటలాయె. నేను పీకనమ్మా, మీరే తీయండి" అన్నారాయన.

ఆయన వేడిగాలి మిషను పట్టుకుంటే నేను గోటితో లేపాను. ఈ ఏడాదిది, దాని కింద పోయినేడాదిది, అలా వెనక్కి వెళ్లగా వెళ్లగా, అన్నిటికంటే అడుగున అసలు లేబులు బయటపడింది. జిగురు అంటి సగం అక్షరాలు చెరిగిపోయాయి. పాతదంతా తుడిచి కొత్తగా ఎక్కించాక, ఆయన భూతద్దం పెట్టుకుని ఒక్కొక్క అక్షరమే చదువుతుంటే నేను కొట్టాను. అయిదోసారికి సిస్టం ఆ నంబరు తీసుకుంది.

"ఇది కొన్నప్పుడే అసలు విండోస్‌తో వచ్చిందమ్మా. ఆ బజారతను ఇటు తిప్పి చూడలేదంతే."

ఉయ్యూరు దాటేదాకా బస్సులో కిటికీ పక్కన కూర్చుని, ఆదివారం ఆమె తన వెండి ల్యాప్‌టాప్ మూసుకుని వెళ్తుంటే నా మొహం ఎలా పెట్టాలో ఆలోచించుకున్నాను. ఇంటికి రాగానే పెన్‌డ్రైవు పెట్టాను. పాటలు అన్న పేరుతో ఒకే ఒక్క బొమ్మ, మూలన చిన్న బాణం గుర్తు. నొక్కితే, ఇది చూపించే ఫోల్డరు ఇక్కడ లేదంది. నేను లాగింది పాటల్ని కాదు, వాటికి దారి మాత్రం చూపే, డెస్క్‌టాప్ మీదున్న షార్ట్‌కట్‌ని. షాపాయనకి ఫోన్ చేశాను. "అంతా తుడిచి కొత్తది రాసేశాం కదమ్మా, ఇక రావు" అన్నారు, నాకంటే ఎక్కువ బాధపడుతూ.

పదకొండేళ్లు పోయాయి. ఆమెకి ఆ రోజు ఒక కాపీ ఇచ్చి ఉంటే, ఆరువందల పాటలూ పాస్టరుగారింట్లో క్షేమంగా ఉండేవి.

శనివారం మధ్యాహ్నం సిగ్గు చంపుకుని పాస్టరుగారింటికి వెళ్లాను. ఆమె పని ఆపి, నేను చెప్పిందంతా విని, ఫోన్ తీసింది.

"మీరు కాపీ కుదరదన్నారు కదండీ, అప్పట్నుంచి ప్రతి ఆదివారం తెర ఫొటోలు తీసుకుంటున్నాను. అన్నీ లేవు. నూటయాభై దాకా ఉంటాయి. చూసి టైపు చేసుకుందాం."

ఒక్కొక్కటే జరుపుతూ చూశాను. నా అక్షరాలే, నా అచ్చుతప్పులే. ప్రతి ఫొటోలోనూ కుడివైపు అడుగున, ఆకుపచ్చ కర్టెన్ మడతల మీద, ఆ బూడిద రంగు అక్షరాలు స్పష్టంగా ఉన్నాయి.

"ఇది నీకు ముందే తెలుసా?"

"మొదటి వారమే చూశానండీ."

"ఎవరికీ చెప్పలేదేం?"

"ప్రొజెక్టరు తిప్పి మరీ దాచుకున్నారు కదా ఆంటీ."

ఫోన్ ఆమె చేతిలో పెట్టాను. "వేరే సిస్టంలో అక్షరాలు విరిగిపోతాయన్నాను చూడు, అది..."

"అదీ తెలుసండీ" అని, నాకోసం ఇంకో కుర్చీ లాగి, మొదటి ఫొటో తెరిచింది.

అసలైనది కాదన్న ఆ బూడిద రంగు అక్షరాలే ఆమె తెర మీద నాకు కనబడి ఉంటే, ఆ ఆదివారం భోజనాల వరసలోనే ఊరంతా చాటేదాన్ని. పాటలు టైపు చేయడం ఇప్పటికీ పూర్తి కాలేదు. బల్ల దగ్గర ఇద్దరం కూర్చుంటున్నాం. అన్నీ తెలిసి కూడా నోరు మెదపకుండా ఉండగలిగినందుకు, ఆమె మీద నాకు ఇంకా కుళ్లుగానే ఉంది.