కొలువులో మూగబోయిన డీజిల్ ఇంజన్

మా చిన్నప్పుడు... ఆదోనిలో మా మిద్దె వెనకాలే రైలు పట్టాలు. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో ఆ దారిలో అన్నీ డీజిల్ ఇంజన్లే. నేనూ, మా పెదనాన్న కూతురు రమ్యా మిద్దె మీద కళ్లు మూసుకుని కూర్చుని, చప్పుడును బట్టి ఏ రకం ఇంజన్ వస్తోందో చెప్పేవాళ్లం. పాత రకమైతే డగడగమని ఆయాసపడుతూ వచ్చేది. కొత్తది సన్నగా గుర్రుమనేది.

దసరా వచ్చిందంటే పక్కపక్కనే ఉన్న మా రెండిళ్లకూ బొమ్మల కొలువులో పోటీ. పైకి నవ్వులు... లోపల పంతాలు. అంగడి పెట్టెలు మెట్లుగా పేర్చి మా అమ్మ పాత పట్టుచీర కప్పేది. కింది మెట్టు ముందర ఇసుక పోసి, మొలకెత్తిన రాగులతో పొలాలు చేసి, ఆ బొమ్మల ఊరంతా చుట్టివచ్చేలా రైలు పెట్టడం నా పని. రైలంటే ఏముంది... అగ్గిపెట్టెలకు దారం కట్టి లాగడమే.

ఆ సంవత్సరం నాన్న చప్పుడు చేసే ఇంజన్ కొనిస్తానన్నాడు. బజారులో బొమ్మల షాపుకు పోయాం. షాపాయన వరుసగా ఆడించి చూపించాడు. ఒకటి డీజిల్ ఇంజనై ఉండి బొగ్గు ఇంజన్‌లాగా కూ అంటుంది. ఇంకొకటి ఏదో పాట పాడుతుంది. చివరిది ఆన్ చేయగానే నా ఒళ్లు జలదరించింది... అచ్చం మా మిద్దె వెనకాల వచ్చే పాత ఇంజనే. అదే ఆయాసం, అదే హారన్. అదొక్కటే ఉంది షాపులో.

కానీ ఆ రోజు మహాలయ అమావాస్య. అమావాస్య నాడు కొత్త వస్తువు ఇంటికి తీసుకెళ్లరు కదా... "ఎత్తిపెట్టప్పా, రేపు వచ్చి తీసుకుపోతాం" అని చెప్పాడు నాన్న. నేను ఆ సంతోషం కడుపులో దాచుకోలేక సాయంత్రమే మిద్దె మీద రమ్యకు చెప్పేశాను.

మరుసటిరోజు మేం పోయేసరికి ఇంజన్ లేదు.

"ఎత్తిపెట్టమని చెప్పింటిమి కదప్పా?" అన్నాడు నాన్న.

"షాపు తెరిచీ తెరవకముందే మీ అన్న వచ్చి నిలబడినాడన్నా. బోణీ బేరం... యాడ కాదనేది?" అన్నాడు షాపాయన.

నాన్న కూడా అంగడి మనిషే. బోణీ మాట వినగానే నా చెయ్యి పట్టుకుని షాపు మెట్లు దిగాడు. నేను మాత్రం దారి పొడవునా పళ్లు నూరుకుంటూ ఇంటికొచ్చాను.

సాయంత్రం పెద్దమ్మ వాళ్లింట్లో పేరంటం. ఇంజన్‌కు పసుపు, కుంకుమ పెట్టి, పూజ చేసి, కొలువు ముందు పట్టాల మీద తిప్పుతున్నారు. వీధిలో ఆడవాళ్లందరూ నోళ్లు తెరుచుకుని చూస్తున్నారు. "మా రమ్య ఏరి తెచ్చింది. దాని చెవి అట్లాంటిది" అంటోంది పెద్దమ్మ. నేను రమ్య వైపు చూశాను. అది తల వంచుకుని గుగ్గిళ్లు తింటోంది. ఆ గుగ్గిళ్ల గిన్నె లాగి పారేయాలన్నంత కోపం వచ్చింది నాకు.

మధ్యాహ్నం నుంచీ తిప్పుతూనే ఉన్నారేమో... ఉన్నట్టుండి చప్పుడు నీరసపడింది. జబ్బుచేసిన గొర్రెలాగా మూలిగి, ఇంజన్ ఆగిపోయింది. పెదనాన్న కొత్త సెల్లులు తెచ్చాడు. సెల్లులు పెట్టే మూత ఇంజన్ అడుగున ఉంటుంది. ఎత్తితే తప్ప మార్చడం కుదరదు.

ఆయన చెయ్యి చాపాడు. నేను అందరి ముందూ, ఏమీ ఎరగని పిల్లలాగా మా అవ్వను అడిగాను. "అవ్వా, కొలువులో పెట్టిన బొమ్మను ఎత్తచ్చునా?"

అవ్వ పెదనాన్న చెయ్యి పట్టుకుని ఆపేసింది. "పసుపు కుంకుమ పెట్టినాక అది కొలువు బొమ్మే. దశమి దాకా ఎవురూ చెయ్యి పెట్టగూడదు."

"బొమ్మ కాదత్తా, రైలు..." అని నసిగింది పెద్దమ్మ.

"రైలుకు కుంకుమ ఎవురు పెట్టమన్నారు మల్ల?" అంది అవ్వ. పేరంటాళ్లందరూ అవునవునన్నారు. పెద్దమ్మ ముఖంలో నెత్తురు చుక్క లేదు. తాడిని తన్నేవాడుంటే వాడి తలను తన్నేవాడు ఉంటాడని ఊరికే అన్నారా...

మరుసటిరోజు నుంచీ పేరంటాళ్లతో మా ఇల్లే కిటకిట. నేను మెట్ల కింద చీర చాటున దూరి దారం లాగుతూ, నోటితోనే డీజిల్ ఇంజన్ నడిపాను. డగడగ... డగడగ... మధ్యలో పేద్ద హారన్. గొంతు బొంగురుపోతే అమ్మ మిరియాల పాలు ఇచ్చింది, వద్దని మాత్రం అనలేదు. అమ్మకూ లోపల కడుపు మంట ఉండేదని ఇప్పుడు తెలుస్తోంది.

ఒకరోజు చీర అంచు పైకి లేచింది. రమ్య. "గీతా, నన్నూ కూచోనీయే. నువ్వు ఇంజన్ చెయ్యి, నేను హారన్ కొడతా" అంది మెల్లగా. కళ్లు ఎర్రగా ఉన్నాయి. నేను కాస్త పక్కకు జరిగితే ఇద్దరం పట్టేవాళ్లం.

"మీ ఇంట్లో ఉండాది కదా ఇంజను... పోయి దాని పక్కన కూచో" అని చీర దించేశాను.

దశమి దాటాక వాళ్ల ఇంజన్‌కు కొత్త సెల్లులు పడ్డాయి. గోడ అవతల నుంచి ఆ చప్పుడు బాగానే వినిపించింది. కానీ చూడ్డానికి ఎవరూ రాలేదు. ఆ తర్వాత రమ్యా, నేనూ కలిసి మిద్దె ఎక్కిందీ లేదు.

ఇప్పుడు ఆ లైన్లో కరెంటు ఇంజన్లు... వచ్చేదీ తెలియదు, పోయేదీ తెలియదు. నేనేమో ఇంట్లో ఒక గది నిండా బొమ్మ రైలు పట్టాలు వేసుకున్నాను. చప్పుడు చేసే డీజిల్ ఇంజన్ కొందామని నెల నుంచీ ఒక్కొక్కటీ వింటున్నాను. రెండింటి దగ్గర ఆగిపోయాను. ఒకటి మన పాత ఇంజనే అనిపిస్తుంది... మళ్లీ వింటే రెండోదేమో అనిపిస్తుంది. కళ్లు మూసుకుని విని ఇదీ అని తేల్చి చెప్పగల మనిషి ఈ లోకంలో ఒక్కతే ఉంది. నంబరు నా ఫోన్లోనే ఉంది. చెయ్యను.

మీకూ ఇట్లా మాట మానేసిన చిన్ననాటి మనిషి ఎవరైనా ఉంటే కింద రాయండి, చదువుతాను... పోనీలే, మర్చిపో అని మాత్రం నాకు చెప్పొద్దు.