నన్ను ఎవరూ ఔట్ అడగని మ్యాచ్

2020 జూలై, శనివారం. ఐర్లండ్‌లోని నేస్ అనే ఊరు. ఎండ కాసింది (అంటే వాన పడలేదు). హాజరైనవారు: నేను, నా భార్య, అల్లుడు, మనవరాలు, పక్కింటి పెద్దాయన, ఇంకా మా వీధిలోని పిల్లలూ పెద్దలూ. అమ్మాయి ఆస్పత్రి డ్యూటీలో ఉండి రాలేకపోయింది.

ఆ రోజుల్లో, అంటే ప్రపంచమంతా తలుపులు బిగించుకు కూర్చున్న రోజుల్లో, నాకు యౌవనం వచ్చింది. అందరికీ ఇరవయ్యో ఏట వచ్చేది నాకు డెబ్బయ్యో ఏట వచ్చిందని నవ్వకండి. నేను స్టేషన్ మాస్టరుగా రిటైరైనవాణ్ణి, ఆలస్యాలు నాకు కొత్త కాదు. చలికాలం చివర్లో అమ్మాయిని చూడడానికి ఐర్లండ్ వచ్చాం. తిరుగు ప్రయాణానికి పెట్టెలు సర్దేలోగా విమానాలు ఆగిపోయాయి. డెబ్బై నిండినవాళ్ళు గడప దాటకూడదని అక్కడి ప్రభుత్వం చెప్పింది. దానికి కకూనింగ్ అని పేరు పెట్టారు, అంటే పట్టుపురుగులా గూట్లో పడి ఉండడం. (పట్టుపురుగుకు చివరికి ఏ గతి పడుతుందో వాళ్ళకెవరూ చెప్పినట్టు లేదు.) వేసవికి ఆ నిబంధన సడలింది గానీ మా ఇంట్లో సడల్లేదు. చీపురు పట్టుకుంటే అల్లుడు మర్యాదగా లాక్కునేవాడు. అంట్లు తోమబోతే, మీరు కూర్చోండి మామయ్యా అనేవాడు. అది కూడా ఓర్చుకోవచ్చు. నన్ను తినేసినది ఏమిటంటే, నేనేమన్నా ఎవరూ కాదనకపోవడం. వానొస్తుందంటే 'అవును మామయ్యా', రాదేమోనంటే 'అదీ నిజమే మామయ్యా'. మనవరాలైతే అన్నిటికీ 'గ్రాండ్, తాతా' (ఐరిష్‌వాళ్ళ 'సరే' అది) అనేసి పోయేది. ముప్పై ఏళ్ళు పాయింట్స్‌మెన్‌తో, ప్రయాణికులతో రోజూ పోట్లాడి బతికినవాణ్ణి, పోట్లాటకు మొహం వాచిపోయాను. పెరట్లో ఆ గోడ నుంచి ఈ గోడకు పచార్లు చేస్తుంటే, ఏ బండి కోసమండీ ఆ తిరుగుడు అని నా భార్య కిటికీలోంచి అడిగేది.

ఆ పచార్లలోనే పక్కింటి పెద్దాయన పరిచయమయ్యాడు. కంచెకు అటు ఆయన, ఇటు నేను. ఆయన ఒకప్పుడు ఐర్లండ్ జట్టుకు ఓపెనింగ్ బ్యాట్స్‌మన్ అని తెలిసి నేను కంచెకు అతుక్కుపోయాను. నేను కూడా బిట్రగుంట రైల్వే జట్టుకు ఓపెనర్నే! క్రికెట్‌లో వాళ్ళది అప్పట్లో చాలా చిన్న దేశం. జట్టులో అందరికీ వేరే ఉద్యోగాలుండేవి. ఈయన విత్తనాల దుకాణంలో గుమాస్తా. సెలవిస్తే వెళ్ళి దేశం తరఫున ఆడేవాడు, ఇవ్వకపోతే దేశం ఆయన లేకుండానే ఓడిపోయేది. ఆయన అంతర్జాతీయ జీవితమంతా నాకు కంచె మీదుగా వాయిదాల పద్ధతిలో వినిపించాడు. అందులో పరుగులు తక్కువ, వానలు ఎక్కువ. మొదటి మ్యాచ్ కథ మాత్రం మళ్ళీ మళ్ళీ చెప్పించుకునేవాణ్ణి. ఒక పెద్ద దేశం జట్టు పర్యటనకు వచ్చింది. వాళ్ళ భయంకరమైన బౌలరు వేసిన తొలి బంతి ఈయన ప్యాడ్లకు తగిలింది. వెంటనే ఆ పదకొండు మందీ అంపైరు వైపు తిరిగి, గొంతులు చించుకుని అప్పీలు చేశారట. "భయం వేసిందా?" అని అడిగాను. లేదన్నాడు. అంతటివాళ్ళు తనను ఔట్ చేయాలని అంతగా కోరుకున్నారు కదా, తానూ ఆటగాడేనని ఆ క్షణంలో తెలిసిందన్నాడు. ఆ మాట నాలో ఎక్కడో గుచ్చుకుంది.

మైదానాలు తెరవగానే మా వీధివాళ్ళు ఇళ్ళ మధ్య ఉన్న పచ్చికలో ఇండియాకీ ఐర్లండ్‌కీ మ్యాచ్ పెట్టారు. ఇండియా అంటే అల్లుడూ అతని స్నేహితులూ, సాఫ్ట్‌వేరువాళ్ళు, డాక్టర్లు. ఐర్లండ్ అంటే అక్కడ పుట్టిన మన పిల్లలు, ఇద్దరు ముగ్గురు ఐరిష్ తండ్రులు. పన్నెండేళ్ళ మా మనవరాలు ఐర్లండ్ కెప్టెను. మోకాలు సహకరించక పెద్దాయన అంపైరుగా నిలబడ్డాడు. ఓపెనింగ్‌కు ఎవరూ ముందుకు రాకపోవడంతో మనవరాలు నా వైపు చూసింది. "తాతా, యూ ఓపెన్ విత్ మీ. జస్ట్ డోంట్ ఫాల్," అంది. ఆ విధంగా నేను ఐర్లండ్ జాతీయ జట్టుకు ఎంపికయ్యాను. చేతులకు శానిటైజర్ రాసుకుని, మనసులో ఆంజనేయస్వామిని తలుచుకుని వెళ్ళి గార్డు తీసుకున్నాను.

మొదటి ఓవర్లోనే బంతి నా కాలికి తగిలింది. మిడిల్ స్టంపు ముందు, తిన్నగా. (టెన్నిస్ బంతే అయినా చట్టం చట్టమేనని పెద్దాయన ముందే ప్రకటించి ఉన్నాడు.) నేను ఊపిరి బిగబట్టి అప్పీలు కోసం చూశాను. బౌలరు పరుగున వచ్చి, దూరం పాటిస్తూ ఆగి, "సారీ అంకుల్, దెబ్బ తగిలిందా?" అన్నాడు. అంతే. ఎల్బీడబ్ల్యూ విషయంలో ఎవరైనా అడిగితే తప్ప అంపైరు వేలెత్తకూడదు, అది ఆ ఆట నియమం. పెద్దాయన ఆకాశంలోకి చూస్తూ నిలబడ్డాడు. మీరే నడిచి వెళ్ళిపోవచ్చుగా అంటారేమో. సిగ్నల్ పడకుండా బండిని కదిలించడం నా వృత్తిధర్మానికి విరుద్ధం.

మరుసటి ఓవర్లో మళ్ళీ తగిలింది, మళ్ళీ సారీ. బంతులు నెమ్మదిగా, పూజలో అక్షింతలు వేసినట్టు వచ్చి పడుతున్నాయి. విసుగెత్తి, కావాలనే అల్లుడి చేతుల్లోకి ఒక క్యాచ్ లేపాను. అల్లుడు దాన్ని చంటిబిడ్డను పడుకోబెట్టినంత జాగ్రత్తగా గడ్డి మీదకు జారవిడిచి, "ఎండ కళ్ళల్లో పడింది మామయ్యా," అన్నాడు. సూర్యుడు అతని వీపు వెనకాల ఉన్నాడు. స్కోరు కదలడం లేదు. మా జట్టు పిల్లలు బ్యాటింగ్ కోసం గట్టు మీద కూర్చుని గడ్డి పీకుతున్నారు. ఓవర్ల మధ్య మనవరాలు నా దగ్గరికొచ్చి మెల్లగా అంది: "తాతా, దే వోంట్ గెట్ యూ అవుట్. దే థింక్ యూ'ల్ బ్రేక్." ఇంట్లో చీపురు లాక్కున్నప్పుడు కూడా అంత అవమానం అనిపించలేదు. నేను పరుగుల కోసం రాలేదు, గెలుపు కోసమూ రాలేదు. నన్ను ఔట్ చెయ్యాలని ఒక్కరైనా కోరుకుంటే చాలు, అదీ దక్కేలా లేదు.

ఇంతలో ఇండియా జట్టులోని ఒక డాక్టరుకు ఆస్పత్రి నుంచి ఫోనొచ్చి వెళ్ళిపోయాడు. మనిషి తక్కువై, గట్టు మీద కూర్చున్న నా భార్యను బతిమాలి పచ్చిక అంచున కంచె దగ్గర ఫీల్డింగుకు నిలబెట్టారు. చీర మీద అమ్మాయి జర్కిన్, కాళ్ళకు మనవరాలి బూట్లు. ఇప్పుడు బౌలింగ్‌కు అల్లుడొచ్చాడు. అతని రెండో బంతి నా బొటనవేలికే తగిలింది. ఔట్లలో అంతకంటే ఔట్ ఉండదు. అల్లుడి నోరు సగం తెరుచుకుంది. నేను కళ్ళతోనే వేడుకున్నాను. ఆ నోరు మూసుకుని, మళ్ళీ తెరుచుకుని, "బాగా ఆడారు మామయ్యా," అంది.

అప్పుడు కంచె దగ్గర్నుంచి నా భార్య గొంతు వినపడింది. "ఏం నాయనా, అంత తిన్నంగా తగిలితే అడగరే? ఆయన ఔటు. బిట్రగుంటలో కూడా ఇట్టాగే కాలు అడ్డం పెట్టి అయ్యేవాడు."

పెద్దాయనకు తెలుగు రాదు. కానీ ఆయన చెవులు రిక్కించాడు. ఆవిడ అప్పీలు చేస్తోందా అని మనవరాల్ని గంభీరంగా అడిగాడు. కెప్టెనుగా తన ఓపెనర్ని కాపాడుకోవలసిన పిల్ల, క్షణమైనా ఆలోచించకుండా, "షీ ఈజ్," అంది. పెద్దాయన వేలు నిదానంగా పైకి లేచింది. ఆయన మొహంలో నవ్వు లేదు. ఒక ఓపెనరు ఇంకో ఓపెనరుకు ఇవ్వగల గౌరవమంతా ఆ వేలిలో ఉంది. నేను బ్యాటు చంకలో పెట్టుకుని, తల పైకెత్తి బయటికి నడిచాను. మా జట్టు పిల్లలు చప్పట్లు కొట్టారు (నేను ఔటైనందుకేనని తెలుసు, అయినా స్వీకరించాను). నా భార్య పక్కనుంచి పోతూ, "ఇప్పటికి తృప్తయిందా?" అన్నాను. "నాకెందుకు, మీకు కావాలనేగా అడిగింది," అంది. ఐర్లండ్ ఓడిపోయింది. నా అంతర్జాతీయ క్రికెట్ జీవితం ఆ ఒక్క ఇన్నింగ్స్‌తో ముగిసింది.

మర్నాడు ఉదయం మోకాళ్ళు రెండూ పట్టేసి, మెట్లు ఒక్కొక్కటే కూర్చుంటూ దిగాను. వంటింట్లో అల్లుడు టోస్ట్ కాలుస్తున్నాడు. వచ్చే నెలకల్లా విమానాలు వదులుతారు, మేం బయల్దేరతాం అన్నాను. అల్లుడు వెన్నకత్తి అందుకున్నాడు. టోస్టుకు రెండువైపులా వెన్న రాశాడు.

"లేదు మామయ్యా. వచ్చే నెల వదలరు. వదిలినా మిమ్మల్ని పంపం. మీరనుకునేది తప్పు," అన్నాడు. అనేసి చెవులు ఎర్రబడి, ప్లేటు నా ముందు పెట్టాడు.

ఎప్పటికి ఇల్లు చేరతామో తెలియని మనిషి అంత చెడ్డవార్త విని దిగులుపడాలి. ఆ ఉదయం వంటింట్లో కూర్చున్న ఆ డెబ్బై ఏళ్ళ కుర్రాడు మాత్రం, ఎలా తప్పో చెప్పమని కుర్చీ ముందుకు లాక్కుని, మధ్యాహ్నం దాకా అల్లుడితో హాయిగా పోట్లాడాడు.