చివరి కుర్చీకి పెట్టిన లైటు

మేనమామ ఇంట్లో అతన్ని అందరూ ఫ్లాష్ అంటారు. నలభై దాటి, సొంత స్టూడియో పెట్టుకుని, నెత్తిన సగం జుట్టు రాలిపోయినా ఆ పేరు మాత్రం రాలలేదు. చిన్నప్పుడు ఇంటిల్లిపాదీ దిగిన ఫోటోలో అతని పళ్ళు, చొక్కా తప్ప ఇంకేమీ పడలేదు. తండ్రి సముద్రాల అవతలి నుంచి వచ్చిన ఓడ మెకానిక్కు, నిగనిగలాడే నల్లటి మనిషి. తల్లిది పచ్చటి ఛాయ. ఫోటోలు తీసేవాళ్ళు అందరి ముఖాలకూ సరిపడా లైటు పెట్టేవాళ్ళు. ఆ అందరిలో అతను లేడు. "వీడికి విడిగా ఫ్లాష్ కొట్టాలి" అన్నాడు మేనమామ. అందరూ నవ్వారు. పిల్లవాడూ నవ్వాడు, ఏం చేస్తాడు మరి!

తండ్రి పోయాక తల్లి తమ్ముడి పంచన చేరింది. అతను స్టూడియోలో పనికి కుదిరాడు. తెల్లటి ముఖం పక్కన నల్లటి ముఖం కూడా పడాలంటే దానికి వేరే లైటు పెట్టాలని అక్కడే నేర్చుకున్నాడు. ఎందరికో పెట్టాడు. తల్లి పక్కన తను కనిపించే ఫోటో మాత్రం ఒక్కటీ లేదు.

స్టూడియోకి కొత్తగా వచ్చినవాళ్ళు అతన్ని చూసి తడుముకుంటూ ఇంగ్లీషు మొదలుపెడతారు. "కూర్చోండి, గడ్డం కాస్త దించండి" అనగానే నోరెళ్ళబెట్టి, "మన భాష భలే నేర్చుకున్నారే! ఎక్కడ?" అంటారు.

"మా అమ్మ దగ్గర."

అది జోకనుకుని నవ్వుతారు. తండ్రి దేశం వాళ్ళు రేవులో ఒకసారి తారసపడితే, నువ్వు మా రంగు కాదు పొమ్మన్నారు. పిల్లనిచ్చేవాళ్ళు అటూ లేరు, ఇటూ లేరు. వెనక గదిలో ఒక్కడే వండుకుని ఒక్కడే తింటాడు.

మేనమామ కూతురి పెళ్ళికి ఫోటోల పని అతనికే అప్పజెప్పారు. పెళ్ళికి పిలిచారో పనికి పిలిచారో తేల్చుకోలేకపోయాడు. అయినా కొత్త చొక్కా కుట్టించుకున్నాడు. కుటుంబం ఫోటోకి కుర్చీలు తనే వేశాడు. ముందు వరుసలో తల్లికి ఒకటి, ఆమె పక్కన చివరగా మరొకటి. ఆ చివరి కుర్చీకి గురిపెట్టి, తన నలుపుకి సరిపడా పెద్ద లైటు నిలబెట్టాడు. కెమెరాకి టైమరు పెట్టి, పరుగున వచ్చి అందులో కూర్చోవాలి. కానీ తనంతట తాను కూర్చుంటే ఏం బాగుంటుంది? ఎవరో ఒకరు "నువ్వూ రారా" అనాలి. అమ్మ అంటుందని అతని ఆశ.

అంతలో పెళ్ళికొడుకు తల్లి అడిగింది. "ఈ ఫోటోగ్రాఫరుగారిది ఏ దేశమండీ?"

మేనమామ తడబడ్డాడు. "వీడా... మన స్టూడియో అబ్బాయేనండీ. ఎప్పట్నుంచో తెలుసు. రండి చెల్లెమ్మగారూ, ఇలా కూర్చోండి. అక్కా, నువ్వా చివరికి జరుగు."

తల్లి కొడుకు వంక చూసింది. ఏదో అనబోయింది. తమ్ముడి ముఖం చూసి ఊరుకుని, చివరి కుర్చీలోకి జరిగింది.

"కానీరా, భోజనాలకి ఆలస్యమవుతోంది!" అన్నాడు మేనమామ.

లైటు తగ్గించాలని అతనికి తట్టనే లేదు. నిన్న మొన్న పనిలో చేరినవాడు కూడా చేయని పొరపాటు. కళ్ళు మసకలు కమ్మి, కెమెరాలో ఎలా పడిందో కూడా చూసుకోలేదు. నొక్కాడు, అంతే. అందరూ భోజనాలకి లేచిపోయారు.

స్టూడియోకి వచ్చి చూసుకుంటే ఒక ముఖం పడనే లేదు. సరిచేద్దామని నానా తంటాలు పడ్డాడు. లేని ముఖాన్ని ఎక్కణ్ణుంచి తెస్తాడు? చివరికి ఉన్నది ఉన్నట్టే పంపించాడు.

మేనమామ అగ్గి మీద గుగ్గిలంలా వచ్చిపడ్డాడు, వెనకే తల్లి. "అందరూ లక్షణంగా పడ్డారు, మా అక్క ముఖమే లేదేంట్రా! ఇన్నేళ్ళ అనుభవం ఏట్లో కలిపావా?"

మేనమామ విసుక్కుంటూ బయటికి నడిచాక, తల్లి ఫోటో అందుకుంది. ఒళ్ళో చేతులున్నాయి, మెడ ఉంది, ముఖం ఉండాల్సిన చోట తెల్లటి మచ్చ ఉంది. దాని మీద వేలు పెట్టింది.

"ఈ లైటు నీకోసం పెట్టుకున్నావు కదరా?"

అతను బల్ల మీది వైరు చుట్టసాగాడు.

"అది నీ కుర్చీ అని నాకు తెలుసు. తెలిసే జరిగాను."

చిన్నప్పట్నుంచీ ఎవరేమన్నా అతను అనే మాట ఒకటుంది, "పర్లేదులే" అని. తల్లి ఆ మాట కోసమే ఎదురుచూస్తూ నిలబడింది. ఆ రోజు అది అతని నోట రాలేదు.