సంజీవయ్య కారుకు మెత్తని చక్రాలు

ప్రొద్దుటూరులో తన టైర్ల కొట్టు ముందు ఫకీర్ సాహెబ్ రెండు లివర్లను రిమ్ముకూ టైరుకూ మధ్య దూర్చి, ఒకదాన్ని కాలితో తొక్కిపట్టి, రెండోదాన్ని రెండు చేతులతో కిందికి వంచాడు. టైరు అంచు కదల్లేదు. కాసేపు ఆగి ఊపిరి పీల్చుకొని మళ్లీ వంచాడు. అది మిలిటరీ టైరు. యుద్ధం ముగిశాక వేలంలో అమ్మేసిన సరుకు. సామాన్లు మోసే ట్రాలీ కోసం ఎనిమిది పొరలతో చేసింది. ఇప్పుడు ఐదుగురు కూర్చునే కారు కింద ఉంది.

మూడోసారికి అంచు పైకి లేచింది. లోపలికి చెయ్యి పెట్టి చుట్టూ తడిమాడు. ఒకచోట వేళ్లు ఆగిపోయాయి.

"సంజీవప్పా, దీంట్లో గైటరేసింది ఎవరప్పా?"

"చాపాడు కాడ రాయి కోసింది మామా. ఆడ్నే ఎవరో లోపల ఒక టైరు ముక్క పెట్టిచ్చినారు. శానా గట్టిగుంది."

"గట్టిగానే ఉంది. అరచెయ్యి మందముంది. చక్రం తిరిగినప్పుడంతా ఒక దెబ్బ. రోడ్డు నున్నగా ఉన్నా దెబ్బే."

సంజీవయ్య ఆ కారు యజమాని, డ్రైవరు కూడా. ప్రొద్దుటూరు నుంచి జమ్మలమడుగుకూ పులివెందులకూ బాడుగకు తిప్పుతాడు. ఆ దారుల్లో కంకర పైకి తేలి ఉంటుంది. వానాకాలం బండ్లు తొక్కిన నల్లరేగడి ఎండాకాలానికి ఇటుకలా గట్టిపడుతుంది. బండల గనుల దగ్గర పలుగురాళ్లు, మిగతాచోట తుమ్మముళ్లు. మామూలు టైర్లతో విసిగిపోయి సంజీవయ్య ఈ మిలిటరీ చక్రాలు బిగించాడు. తెల్లవారితే టైరును కాలితో తన్ని చూడడం ఆ ప్రాంతపు డ్రైవర్ల అలవాటు. కాలికి నొప్పి పుడితే గాలి సరిపోయిందని లెక్క. ఐదుగురి కారులో పదిమందిని ఎక్కించి, ఇద్దరిని మడ్‌గార్డుల మీద కూర్చోబెట్టుకునేవాళ్లకు ఆ లెక్క తప్పుగా తోచదు.

కొట్టు ముందు బండమీద రంగయ్య గొంతుక్కూర్చొని ఈ మాటలన్నీ వింటున్నాడు. ఆయనది పులివెందుల దగ్గరి పల్లె. గొర్రెలవాళ్లు. ఆయన తల్లి పెద్దసుబ్బమ్మ దొడ్డి దగ్గర జారిపడి తొడ ఎముక విరగ్గొట్టుకుంది. జమ్మలమడుగు ఆసుపత్రిలో చలికాలమంతా పడుకుంది. ఎముక ఇప్పుడిప్పుడే అతుక్కుంది. ఇంటికి తీసుకుపోవచ్చు గానీ పడుకోబెట్టి తీసుకుపోవాలి, కుదుపు తగలకూడదు, మళ్లీ విరిగితే ఈ వయసులో ఇక అతకదు అని డాక్టరు చెప్పాడు. రంగయ్య సంజీవయ్య కారు మాట్లాడుకున్నాడు. కారు ఆసుపత్రి గేటు దాటి పెన్న ఇసుకలో దిగక ముందే ముసలామె గట్టిగా కేక పెట్టింది. వెనక్కి తిప్పి మళ్లీ మంచం మీద పడుకోబెట్టారు. ఎముకకు ఏమీ కాలేదన్నారు. కానీ ఆ రోజు నుంచి ఆమె అన్నం ముట్టడం లేదు. ఈడ్నే సచ్చిపోతా, ఆ కారెక్కనంటుంది. మరునిమిషం నా దొడ్డి చూడాలంటుంది.

"ఎద్దులబండిలో మెల్లగా తోలకపోతే ఎట్లుంటాది మామా?" రంగయ్య అడిగాడు.

"ఇనప పట్టా చక్రమప్పా అది. నా చేతుల్తో ఎక్కిచ్చినోణ్ని చెప్తాండా. ప్రతి రాయీ నేరుగా నడుముకు చెప్తాది. వొద్దు."

ఆ మాట ఊరికే అనలేదు. ఫకీర్ సాహెబ్ పుట్టింది కమలాపురంలో. తండ్రి బండిచక్రాలకు ఇనుప పట్టాలు ఎక్కించేవాడు. పిడకల మంటలో పట్టా ఎర్రగా కాలాక పట్టకార్లతో ఎత్తి కొయ్యచక్రం మీద వేసి నీళ్లు పోస్తే, ఇనుము ముడుచుకొని కొయ్యను కరిచిపట్టేది. ఆ పొగలోనే పెరిగాడు. తర్వాత యుద్ధం రోజుల్లో పెట్రోలు దొరక్క బస్సులు బొగ్గు గ్యాసుతో నడిచినప్పుడు, కడపలో ఒక షెడ్డులో చేరి బాయిలర్లు గోకాడు. దగ్గు అక్కడ పట్టుకుంది. టైరు పని ఎవరూ నేర్పలేదు. చూసి, చెడగొట్టి, మళ్లీ చేసి నేర్చుకున్నాడు. ఇనుముకంటే రబ్బరు సుఖమనుకున్నాడు మొదట్లో. లారీ చక్రాలు ఎత్తీ ఎత్తీ నడుము పోయాక ఆ మాట అనడం మానేశాడు. రాత్రి నూనె రాసేటప్పుడు భార్య గుల్జార్‌బీ, కొట్టు మూసెయ్యమని రోజూ చెబుతుంది. ఆయన సరేనంటాడు. తెల్లారి వచ్చి రేకు తలుపు తీస్తాడు.

ముసలామె సంగతి విని, నిన్న బస్సెక్కి మైదుకూరు పోయివచ్చాడు. అక్కడ వడ్ల మిల్లు వెనక, ఇంజను చెడిన కారొకటి ఏళ్ల తరబడి పడి ఉంది. సంజీవయ్య కారు నట్ల మధ్య దూరాన్ని ఒక పుల్ల మీద గాటుపెట్టుకొని పోయి, ఆ కారు చక్రాలకు పెట్టి చూశాడు. ఐదు బొక్కలూ సరిపోయాయి. స్టెప్నీతో కలిపి ఐదు రిమ్ములు బస్సు మీదికి ఎక్కించి, ప్రొద్దుటూరులో తానే దించుకున్నాడు. రాత్రంతా పక్కకు ఒత్తిగిల్లలేకపోయాడు.

"ఇంత చిన్న చక్రాలా మామా!" సంజీవయ్య పెదవి విరిచాడు. "కారు ఎద్దు మోకాళ్ల మీద కూసున్నట్టుంటాది. దారిలో అందరూ నవ్వుతారు."

"నవ్వనీ. ఈ చక్రమెత్తు." మిలిటరీ చక్రాన్ని చూపించాడు. సంజీవయ్య మూలుగుతూ ఎత్తాడు. "ఇప్పుడు అదెత్తు." మైదుకూరు చక్రం ఒక చేత్తోనే లేచింది.

"బరువు చక్రం గుంతలో పడి లేచేటప్పుడు కారును కూడా పైకి తంతాది. స్ప్రింగు పట్టీలు అప్పటికి వంగవు. తేలిక చక్రమైతే తన పాటికి తాను ఎగిరి దిగుతాది, పైన కూసున్నోళ్ల జోలికి రాదు. రిమ్ము చిన్నదై టైరు ఎత్తుగా ఉంటే ఆ మధ్యలో ఉండేదంతా గాలే. దెబ్బ తినాల్సింది ఆ గాలప్పా, ముసలామె కాదు."

ఇంతకంటే ఎక్కువ మాట్లాడే ఓపిక లేదాయనకు. ఒక్కో రిమ్మునూ ముందు చక్రం ఇరుసుకు బిగించి తిప్పాడు. పక్కన సుద్దముక్కను కదలకుండా పట్టుకున్నాడు. తిన్నగా ఉన్నచోట సుద్ద తాకదు, వంకర ఉన్నచోట గీత పడుతుంది. రెండింటికి గీతలు పడలేదు. మిగతావాటిని విప్పి, గీత దగ్గర కొయ్యదిమ్మె పెట్టి సుత్తితో మెల్లగా కొట్టాడు. మళ్లీ బిగించి తిప్పాడు. మళ్లీ విప్పాడు. ఒక రిమ్ము మాత్రం మధ్యాహ్నం దాకా మొండికేసింది.

"కండ్లకు తిన్నంగానే కనపడ్తాంది గదా మామా," అన్నాడు సంజీవయ్య.

"కండ్లకు నువ్వూ తిన్నంగానే కనపడ్తావు."

రంగయ్య ఆ రోజు మొదటిసారి నవ్వాడు.

టైర్లు నాలుగు పొరలవి, వాడినవే గానీ పక్కలు పగలనివి. ఫకీర్ సాహెబ్ వాటిని ఏరి పక్కన పెట్టుకున్నాడు. లోపల చేత్తో తడిమి, గుచ్చుకున్న ముళ్ల మొనలు గోటితో పీకేశాడు. ట్యూబులకు సుద్దపొడి పూసి ఎక్కించాడు. గాలి కొలిచే మీటరు ఆయన దగ్గర లేదు. చక్రాలన్నీ బిగించాక కారు ముందుభాగంలో ఎడమ సీటు పీకించి, డ్రైవరు పక్కనుంచి వెనక సీటు దాకా పలక వేయించాడు. "తల వెనక సీటు కాడ, కాళ్లు ముందుకు. నడుము రెండు చక్రాల నడుమకు రావాల. వెనక చక్రం నెత్తిన పెడితే ఏ టైరూ కాపాడదు." పలక మీద రంగయ్య తెచ్చిన నల్ల కంబళి మడతలు పెట్టి పరిచారు.

అప్పుడు గాలి సంగతి. టైర్లను నీళ్లతో తడిపి, కారును నాపబండల మీద కొంచెం ముందుకు తోయించాడు. బండ మీద తడి జాడ పడింది. మధ్యలో సన్నగా పడితే గాలి ఎక్కువ, రెండంచులే పడితే తక్కువ. జాడ వెడల్పంతా సమంగా, జానెడు పొడవు వచ్చేదాకా ఒక్కో చక్రానికీ గాలి వదులుతూ, తోయిస్తూ, వంగి చూస్తూ పోయాడు. వంగినప్పుడంతా లేవడానికి మడ్‌గార్డు పట్టుకోవలసి వచ్చింది.

"నేను నమాజుకు పోయొస్తా. వొచ్చినాక ఒకసారి తోలి చూద్దాం," అని కాళ్లూ చేతులూ కడుక్కోవడానికి వెళ్లాడు.

తిరిగి వచ్చి, నేరుగా కారెక్కి కంబళి మీద పడుకున్నాడు.

"నువ్వెందుకు మామా పండుకునేది?" రంగయ్య ఆశ్చర్యపోయాడు.

"మీ నడుములు బాగుండాయి. వాటికేం తెలుస్తాది? నా నడుము మీ యమ్మ తొడ మాదిరే ఉంది. ఇది ఓర్చుకుంటే అదీ ఓర్చుకుంటాది. పోనీ సంజీవప్పా, జమ్మలమడుగు దోవన."

కారు ఊరు దాటింది. మొదటి రాయికే ఫకీర్ సాహెబ్ పళ్లు గిట్టకరిచాడు. రెండోదానికి "యా అల్లా" అన్నాడు. రంగయ్య ముఖం పాలిపోయింది. ఇంత చేసినా అంతేనా అని ఆ ముఖంలో కనబడింది.

"ఆపు." ఫకీర్ సాహెబ్ పడుకునే అడిగాడు. "పంపు కొట్టినావా?"

సంజీవయ్య వెనక్కి చూడలేదు. "నాలుగు పోట్లే మామా."

"నాలుగా?"

"నాలుగైదు. తన్ని సూస్తే మెత్తగా ఉన్న్యాయి. దోవలో కూలబడతాయేమోనని భయమేసింది. ముసలామె కోసమే గదా కొట్టింది!"

"ఈడ నీ కాలు నొప్పి పుట్టకపోతే ఆడ ఆమె తొడ నొప్పి పుట్టదు. రెండిట్లో ఏం కావాల్నో సూసుకో."

అరిచే ఓపిక ఉంటే అరిచేవాడేమో. మెల్లగా దిగి, బొటనవేలితో వాల్వు నొక్కుతూ ఒక్కో చక్రం దగ్గరా కూర్చున్నాడు. అక్కడ నాపబండలు లేవు. రోడ్డు పక్క దుమ్ములో పడిన జాడనే చూసి, అరచేత్తో టైరు పక్కను నొక్కి, అది కాస్త ఉబ్బినట్టయ్యాక వదిలేశాడు. ముందు చక్రాలకు కొంచెం ఎక్కువే ఉంచాడు. తిరిగి పలక మీద పడుకున్నాడు.

"నడిచే ఎద్దుకంటే రవంత జోరుగా పోనీ. అంతే."

కారు కదిలింది. కంకర కింద గరగరమంది. గుంతల దగ్గర కారు వంగి లేచింది గానీ విసరలేదు. రంగయ్య పక్కనే కూర్చొని, రాయి వచ్చినప్పుడల్లా రాయిని కాకుండా ఫకీర్ సాహెబ్ ముఖాన్ని చూశాడు. ఒక రాయి పోయింది. ఇంకొకటి పోయింది. వంక దిగి ఎక్కారు. ముఖంలో ఏ కదలికా లేదు. కొంతసేపటికి నోరు కాస్త తెరుచుకుంది.

"ఎట్లుంది మామా?" సంజీవయ్య కేకేశాడు.

"మామా!"

"పండుకున్న్యాడు," అన్నాడు రంగయ్య గొంతు తగ్గించి.

"పండుకోకేం, పండుకోమనే గదా ఎక్కిచ్చింది."

"అది కాదప్పా. నిద్ర పోయినాడు."

"నిజంగానా? ఊపిరి ఆడతాందో లేదో చూడు, మళ్లా నా మీదికొస్తాది!"

రంగయ్య ముక్కు దగ్గర చెయ్యి అడ్డం పెట్టి చూసి నవ్వబోయాడు, కానీ కళ్లలో నీళ్లు తిరిగాయి. పైపంచెతో తుడుచుకున్నాడు. సంజీవయ్య వేగం ఇంకా తగ్గించి, ఎక్కడా ఆగకుండా కారును తిప్పుకొని కొట్టుకు వచ్చాడు. నిలిపాక కూడా ఫకీర్ సాహెబ్ లేవలేదు. ఇద్దరూ దిగి బయట నిలబడ్డారు. పక్క కొట్లో ఎవరో రేకు కొడుతుంటే రంగయ్య పోయి ఆపమన్నాడు.

లేచాక ఫకీర్ సాహెబ్ కాసేపు తానెక్కడున్నాడో తెలియనట్టు చూశాడు. నడుము మీద చెయ్యి పెట్టుకొని దిగాడు. నట్లన్నీ స్పానరుతో మళ్లీ ఒకసారి బిగించాడు. స్టెప్నీకి గాలి సరిచూశాడు. తర్వాత సంజీవయ్య సీటు కింద ఉన్న చేతి పంపు తీసి రంగయ్య చేతికిచ్చాడు.

"ఇది నీ కాడ పెట్టుకో. పంచరైతే ఇతనికియ్యి. లేకుంటే మీ యమ్మ ఇంట్లో తన మంచం మీద పండుకునేదాకా ఇయ్యొద్దు, అడుక్కున్నా ఇయ్యొద్దు."

"నా కారు, నా పంపు!" అన్నాడు సంజీవయ్య.

"నీ కాలు కూడా నీదే. దాన్నీ కట్టేయమంటావా?"

సంజీవయ్య అలవాటుగా టైరు వైపు కాలెత్తి, రంగయ్య చూపు చూసి దించేశాడు. రంగయ్య పంపును తువాలులో చుట్టి ఒళ్లో పెట్టుకొని, వెనక సీట్లో పలక పక్కన కూర్చున్నాడు. ఫకీర్ సాహెబ్ కంబళి మడతలు సర్ది, తల వచ్చేచోట చేత్తో నొక్కి చూసి, కారు తలుపు వేశాడు.

"ఇంక ఆస్పత్రికి పోండప్పా."