అరవని వాళ్ల దగ్గరికి

ప్రత్యేక రాష్ట్రం కోసం రాస్తారోకోలు సాగుతున్న రోజులవి. మెదక్ దవాఖానా ఎమర్జెన్సీలో ప్రతి రోగినీ అరగంటలోపు డాక్టర్ చూడాలని బోర్డు పెట్టారు. గడువు దాటితే మెమో మాత్రం నర్సుకే!

రాస్తారోకోలో లాఠీదెబ్బకు తల పగిలిన మిత్రుణ్ణి తీసుకెళ్లాను. "అరగంట దాటింది సిస్టర్!" అని మావాడు గది అదిరేలా అరిచాడు. నర్సు అరిచేవాళ్లను దాటుకుని, మూలన గోడకు ఒరిగిన టేక్మాల్ రైతు దగ్గరికి నడిచింది. అతని రెప్పలు వాలిపోతున్నాయి.

"ఏమైందమ్మా?"

రైతు భార్య గుసగుసగా చెప్పింది. "పురుగు ముట్టింది బిడ్డా. మంత్రం ఏసినాయన పొద్దుగూకెదాంక నోరు తెరవొద్దన్నడు."

పాము కరిస్తే దాని పేరెత్తడానికీ భయమే వాళ్లకు! నర్సు అప్పటికే స్ట్రెచర్ లాగుతోంది.

"వీళ్ల టైం దాటింది, నీకు మెమో రాసుడే," మావైపు చూపిస్తూ అన్నాడు సూపర్‌వైజర్.

"రాయుండ్రి సార్. అరిచెటోళ్లకు పాణం మస్తుగున్నది."

మావాడు పగిలిన తలతోనే పకపకా నవ్వాడు. హేతువాదిగా నేను ఎన్ని సభల్లో మంత్రాలను దుయ్యబట్టానో! హేతువు పరుగెత్తడం మాత్రం అక్కడే చూశాను.

మూడోనాడు మావాడి కట్టు మార్పించడానికి వెళితే వార్డులో ఒకటే కేక. "ఎంతసేపాయె, జర నీళ్లియ్యుండ్రి!" ఆ రైతే! నర్సు తనకందిన మెమోను జేబులో కుక్కుకుని, నవ్వుతూ అతని మంచం దాటి పోయింది.