కేబిన్ మీద సత్తు గిన్నె

నేను అయిదో తరగతితో బడి మానేసిన రోజు మా మాస్టారు, "నీ నోరు మూయించేవాడు ఇంకా పుట్టలేదురా వెంకటేశూ" అన్నారు. పాపం ఆయనకి తెలియదు. వాడు చివరికి నా మెదడులోనే పుట్టాడు, శనగగింజంత కూడా లేని రక్తపు గడ్డగా.

మాది సింగరాయకొండ దగ్గర సముద్రపు ఒడ్డు ఊరు. మరబోటులో వలలు లాగే పని నాది. బోటు నడిపే సరంగు పోలయ్య నా భార్య మస్తానమ్మకి అన్న, నాకు బావ. వల లాగడం నా ఉద్యోగమైతే, నవ్వించడం కొసరు. అది జరిగిన ముందురోజు సాయంత్రమే, నడిసముద్రంలో బోటు మీద, రేవులో చేపల వేలం పాడే పెద్దాయన దవడన కిళ్లీ పెట్టుకుని ఎలా మాట్లాడతాడో చేసి చూపించాను. అందరూ పొట్టలు పట్టుకున్నారు.

తెల్లారి టీ తాగుతుంటే కుడిచేతిలోంచి గ్లాసు జారిపోయింది. తీద్దామంటే చెయ్యి లేవలేదు. "బావా, చెయ్యి చూడు" అన్నాననుకున్నాను. ముద్దముద్దగా ఏదో వచ్చింది. మూతి ఒక పక్కకి పోయింది.

అందరూ పకపకా నవ్వారు.

"ఒరేయ్, వేలం నిన్నే అయిపోయిందిరా. ఇవాళ కొత్తది చెయ్యి" అన్నాడు కోటి, నా పక్కన వల లాగేవాడు.

నా వాళ్లంతా చెయ్యి చాస్తే అందేంత దూరంలోనే ఉన్నారు. ఒక్కడూ నా దగ్గర లేడు. ఇంకోసారి చెప్పబోతే ఇంకాస్త గట్టిగా నవ్వారు.

మా బోటుకి ట్రాన్స్‌పాండర్ ఉంది. పెట్టె కేబిన్ పైకప్పు మీద, ఎర్ర బటన్ లోపల. ఆపదలో నొక్కితే శాటిలైట్ ద్వారా ఒడ్డుకి కబురు పోతుంది. వాళ్లకి అందితే పచ్చలైటు వెలిగి ఫోన్లో జవాబు వస్తుంది. కాలు ఈడ్చుకుంటూ వెళ్లి ఎడమచేత్తో ఆ బటన్ నొక్కాను.

"ఏరా, దాంతో కూడా ఆటలేనా? ఒడ్డుకెళ్తే నన్ను కడిగేస్తారు!" అంటూ వచ్చిన బావ నా గడ్డం మీద కారుతున్న చొంగ చూశాడు. కుడిచెయ్యి ఎత్తి వదిలాడు. గుడ్డపేలికలా పడింది. అప్పుడు ఆగిపోయింది నవ్వు.

కానీ పచ్చలైటు వెలగలేదు. ఎందుకో నాకు తెలుసు. చేపలు బాగా పడ్డ చోటు పక్క బోట్ల వాళ్లు ఫోన్లో చూసేస్తారని మా అందరికీ ఒక అనుమానం. అందుకని మంచి చోటు దొరికితే సిగ్నల్ పోకుండా ఆ పెట్టె మీద అన్నం వండే పెద్ద సత్తు గిన్నె బోర్లించి తాడుతో కట్టేవాళ్లం. ముందురాత్రి చేపలు బాగా పడి, గిన్నె కట్టే ఉంది. కంగారులో ఆ గిన్నె సంగతి అందరూ మరిచారు. గుర్తున్న నాకేమో నోరు లేదు.

ఎడమచెయ్యెత్తి పైకి చూపించాను.

"పైకి చూపిస్తున్నాడు సరంగూ! వెళ్లిపోతానంటున్నాడు!" అని కోటి ఏడుపు అందుకున్నాడు. బావ ఆకాశంకేసి దణ్ణం పెట్టాడు. ఇంకొకడు నా నోట్లో నీళ్లు పొయ్యబోయాడు. నాకు నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది. రెండూ బయటికి రాలేదు.

డెక్కు మీద వలకి కట్టే సీసపు గుండ్లు చేతికి తగిలాయి. ఎడమచేత్తో విసిరాను. మొదటిది సముద్రంలో పడింది. రెండోది గిన్నెకి తగిలి ఖంగుమంది. బావ తలెత్తాడు. ఒక్క గెంతులో పైకెక్కి తాడు కోసేశాడు.

కాసేపటికి పచ్చలైటు వెలిగింది. ఒడ్డు నుంచి వేగంగా వెళ్లే బోటు సగం దూరం ఎదురొచ్చి నన్ను ఎక్కించుకుంది. రేవు దగ్గర అంబులెన్స్ ఉంది.

గుంటూరు ఆసుపత్రిలో సీటీ స్కాన్ చూసి డాక్టరమ్మ చెప్పారు: "స్ట్రోక్ అండి. బ్రెయిన్‌లో లెఫ్ట్ సైడ్ క్లాట్. బీపీ ఎప్పుడన్నా చూపించుకున్నారా? క్లాట్ కరిగించే ఇంజెక్షన్‌కి టైం దాటిపోయింది. ఇంకాస్త ముందు తెచ్చుంటే..."

బావ నేలకేసి చూశాడు. ఆ 'ఇంకాస్త' ఎక్కడ పోయిందో మా ఇద్దరికీ తెలుసు.

మింగడం రావట్లేదని ముక్కులోంచి పొట్టలోకి రైల్స్ ట్యూబ్ అనే గొట్టం వేశారు, నోటితో చుక్క నీళ్లు కూడా వద్దన్నారు. పుట్టినప్పటి నుంచీ నీళ్ల మీద బతికినవాణ్ణి, గుక్కెడు నీళ్లకి మొహం వాచిపోయాను. మస్తానమ్మ మందులకి వెళ్లినప్పుడు సీసా ఎత్తాను. పొలమారింది. జ్వరమొచ్చి ఐసీయూలో పడ్డాను. "నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోయాయి. ఆస్పిరేషన్ న్యుమోనియా. మళ్లీ మొదటికి తెచ్చుకున్నారు" అన్నారు డాక్టరమ్మ.

డిశ్చార్జయ్యాక ఫిజియోథెరపీకి దగ్గరని ప్రత్తిపాడులో మా వదినగారింట్లో ఉన్నాం. పగలంతా అందరూ మిరపకోతలకి పోయేవారు. నేను ఎర్రగా మిరపకాయలు ఆరబోసిన కళ్లం పక్కన మంచం మీద. అలల చప్పుడు లేకుండా నిద్ర ఎలా పడుతుందో ఆ ఊరివాళ్లకి! చూడ్డానికి వచ్చినవాళ్లు నా ముందే నా గురించి మాట్లాడుకునేవారు.

"ఈయనకి మనం చెప్పేది తెలుస్తదా?"

"తెలుస్తదేమో, నవ్వుతున్నాడుగా."

నేను నవ్వడం లేదు. మూతి అలా ఉండిపోయింది అంతే.

పోలయ్య బావ మాత్రం ఒక్కసారీ రాలేదు.

స్పీచ్ థెరపీ అమ్మాయి, "పెదవులు కలిసే మాటలు రోజూ అనండి బాబాయ్. సిగ్గుపడొద్దు" అంది. మిరపకాయలకి నా ముందు సిగ్గేముంది? వాటితోనే మాట్లాడాను. 'మామ' రాలేదు, 'పాప' సగం వచ్చింది. చాలా వారాలకి ఒక సాయంత్రం మస్తానమ్మ ఫోన్ కలిపి నా చెవి దగ్గర పెట్టింది.

"బావా" అన్నాను.

అవతలి నుంచి, "ఒరేయ్... ఇంకోసారి అనరా" అన్నాడు. మర్నాడు పొద్దున్నే వచ్చి మంచం పక్కన కూర్చున్నాడు.

ఇప్పుడు మాట వస్తుంది, నిదానంగా. జోకు చివరికి చేరేలోపు వినేవాడు లేచి వెళ్లిపోతున్నాడు. బీపీ మాత్రలు మానను. వేటకి వెళ్లను. రేవులో కూర్చుని వలలు బాగుచేస్తాను. బోట్లు కదిలాక ఆ ఒడ్డున నేనూ కాకులూ మిగులుతాం. కదిలేముందు మాత్రం కర్ర పట్టుకుని ప్రతి కేబిన్ పైకప్పూ చూస్తాను. గిన్నె కనిపిస్తే మోగిస్తాను.

చదివేవాళ్లకి చెప్పేది ఒక్కటే. మనిషి మూతి వంకరపోయినా, చెయ్యి లేవకపోయినా, మాట ముద్దగా వచ్చినా, వాడు ఎంత వేళాకోళం మనిషైనా సరే, వేషమా నిజమా అని చూస్తూ కూర్చోకండి. ఒడ్డు మీదుంటే ఆసుపత్రికి, నీటి మీదుంటే బటన్ దగ్గరికి పరుగెత్తండి. ఆ పెట్టె నెత్తిన ఆకాశం తప్ప ఇంకేమీ ఉండనివ్వకండి.

మొన్న బోటెక్కుతున్న బావని ఆపి అడిగాను. "ఏం బావా, ఈసారి నాకేదన్నా అయితే నమ్ముతావా, మళ్లీ నవ్వుతావా?"

ఆయన తాడు విప్పుతూ వెనక్కి తిరక్కుండానే అన్నాడు: "నీ నోటిని నేనెప్పుడు నమ్మానురా? గిన్నె మోగించు, వస్తా."