మా నాన్న బాగుచేసిన కంప్యూటరు

మా నాన్న కుడి కన్ను పోయాక మా ఇంట్లో మాటలు తగ్గిపోనాయి. ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో ఎలక్ట్రికల్ ఫిట్టరు ఆయన. ఇనప రజను ఎగిరొచ్చి కంట్లో పడ్డాది. డాక్టరు పాత పనికి అన్‌ఫిట్ రాసీసినాడు. ఉద్యోగం పోలేదు గానీ, ఆఫీసు గుమ్మం కాడ ఒక బెంచీ ఇచ్చినారు. ఈ బల్ల మీది ఫైలు ఆ బల్ల మీదకి మొయ్యడం, అంతే పని. ఇంటికొచ్చినా స్క్రూడ్రైవరు ముట్టడం మానీసినాడు. ఫ్యాను గరగరమంటా ఉంటే దాని కింద అలాగే కూర్చునీవాడు. "ఇలాగే ఉంటే మనిషి మనకి దక్కడే" అని అమ్మ వంటింట్లో నాతో గొణిగీది.

అది తొంభైల ఆఖరు. నేను మా ఊరి ఖరిదా బజార్లో ఒక కంప్యూటరు సెంటర్లో పిల్లలకి పాఠాలు చెప్పీదాన్ని. క్లాసులయ్యాక అక్కడే తుపాకీ ఆటలు ఆడి ఆడి, ఇంట్లో నాకంటూ ఒక మిషను ఉండాలని పిచ్చి పట్టింది. "పెళ్ళీడు గుంటవి, తుపాకీలు పేల్చడమేటే, సిగ్గులేదూ?" అంది మా మేనత్త. "నిన్ను కాల్చలేదు కదత్తా, నీకేటి నొప్పి?" అన్నాను. మా వీధిలో నా నోటికి జడవనివాళ్ళు లేరు.

రెడీమేడ్‌ది కొందామనే అనుకున్నాను. నాన్న విన్నాడు. "బిగించినది కొనడమేటే? ముక్కలు తెద్దాం. నాను బిగిస్తాను" అన్నాడు. బెంచీ ఎక్కాక ఆయన తనంతట తాను ఒక పని చేస్తాననడం అదే మొదలు. అమ్మ గరిటెతో బయటికొచ్చి "స్తోత్రం ప్రభువా" అనీసినాది. కంప్యూటరంటే ఏటో ఆమెకి తెలీదు. నాన్న చెయ్యి మళ్ళీ పనిలో పడతాదన్నది మాత్రం తెలిసింది. నిజం చెప్తే నాకూ ఆటల కన్నా అదే ముఖ్యమైపోనాది.

లోకల్ ట్రైనెక్కి కలకత్తా వెళ్ళినాం. దుకాణం దాదా, అంటే బెంగాలీలో అన్న, నాకు బోర్డులూ గ్రాఫిక్స్ కార్డులూ చూపిస్తుంటే, నాన్న పవర్ సప్లైలు ఒక్కొక్కటీ చేత్తో ఎత్తి బరువు చూసినాడు. "తేలిగ్గా ఉందంటే లోపల రాగి తక్కువేసినాడని" అన్నాడు. దాదా నవ్వి "ఆప్ తో ఉస్తాద్ హై, దాదా", చెయ్యి తిరిగినోడివన్నా, అని అన్నిట్లోకీ బరువైనది ఇచ్చినాడు. మెమరీ మాత్రం నేనే ఎంచినాను. రెండు పట్టీలూ ఒకే రకం, ఒకే వేగం. పొత్తు కుదరని రెండు కలిపితే ఆట మధ్యలో మిషను తిక్కరేగి ఆగిపోవడం సెంటర్లో చూసినాను. పచ్చటి సన్న పట్టీలు అవి, అంచున బంగారం పూత పూసిన పళ్ళ వరస.

బిగించే ముందు నాన్న పెరట్లో గొయ్యి తవ్వి, ఉప్పూ బొగ్గూ వేసి, ఇనప కడ్డీ పాతి ఎర్తు ఇచ్చినాడు. "కంప్యూటరుకేనా, కరెంటాఫీసు పెడుతున్నావా?" అని ఏడిపించినాను. స్క్రూ కన్నం కనబడని చోట వేలితో తడిమి బిగించినాడు. మిషను లేచింది. నేను ఆడుతుంటే వెనకాల నిలబడి, "ఏటే, అందర్నీ సంపేస్తన్నావు, ఒక్కడినైనా ఒగ్గవా?" అని పడీ పడీ నవ్వినాడు. అమ్మ ఆ నవ్వు విని కళ్ళు తుడుచుకుంది.

వానలు పట్టినాక రోగం మొదలైంది. ఆట మంచి ఊపులో ఉండగా తెర నీలంగా అయిపోయి మిషను కొయ్యబారిపోయీది. నాన్న మూత తీసి, మెమరీ పట్టీలు ఊడదీసి, "కాంటాక్టు పట్టడం లేదే" అన్నాడు. వర్క్‌షాపులో కాంటాక్టులు నల్లబడితే సన్న ఎమరీ కాగితంతో, అదే గరుకు కాగితంతో, మెరిసీదాకా రుద్దుతారు. ఇక్కడా అలాగే రుద్ది, ఊది, పెట్టినాడు. లేచింది! ఆ సాయంత్రం ఆయన్ని పట్టడం మా వల్ల కాలేదు.

కొన్నాళ్ళకి మళ్ళీ అదే. మళ్ళీ రుద్దినాడు, మళ్ళీ లేచింది. నేను ఒక్కో పట్టీ విడిగా పెట్టి చూసినాను, గాడి మార్చి చూసినాను. పట్టీ మారినా గాడి మారినా గొడవ తగ్గలేదు. వేడేమోనని టేబుల్ ఫ్యాను ఎదురుగా పెట్టినాను. ఏటి చేసినా ఆగిపోవడమే. నాన్న రుద్దితే మాత్రం లేచీది, కానీ ప్రతిసారీ ఇంకా బేగి పడిపోయీది.

ఒక ఆదివారం చర్చి నించి వచ్చి, పట్టీ ఒకటి కిటికీ వెలుగులో పట్టి చూసినాను. పళ్ళ మీద బంగారం లేదు. ఎర్రగా రాగి బయటపడి, అంచులు నల్లబడుతున్నాయి. గాలీ చెమ్మా తగలకుండా కాపాడే పూతని ఎమరీ తినేసింది. రుద్దినప్పుడల్లా రాగి మెరిసి రెండ్రోజులు పనిచేస్తోంది, చెమ్మకి మళ్ళీ నల్లబడుతోంది. మొదటిసారి పట్టీ కాస్త కదిలి ఉంటాది, తీసి నొక్కి పెడితే సరిపోయీది. ఆ తరవాత ఆయన వైద్యమే దాని రోగం.

వేరే ఎవరైనా అయితే ఇల్లెగిరిపోయేలా అరిచీదాన్ని. కానీ ఎలా చెప్పడం? అమ్మ మొహం చూసినాను, గరుకు కాగితం చొక్కా జేబులో పెట్టుకు తిరుగుతున్న నాన్నని చూసినాను. ఏటీ తెలీనట్టు సెంటరు పనని చెప్పి కలకత్తా వెళ్ళి, కొత్త పట్టీలు తెచ్చి, ఆయన డ్యూటీలో ఉండగా మార్చీసినాను.

మిషను ఆగడం మానీసింది. నాన్న రోజూ వచ్చి "ఇయ్యాల ఆగినాదా?" అనీవాడు. లేదంటే సరేనని వెళ్ళిపోయీవాడు. ఆ మొహం చూడలేక నేను తెర మీంచి కళ్ళు తిప్పీదాన్ని కాదు.

బాగున్న ఇంజనునైనా వేళకి విప్పి ఓవర్‌హాల్ చెయ్యడం వర్క్‌షాపు ఆనవాయితీ. ఒక సెలవు రోజు నేను బజారు నించి వచ్చేసరికి నాన్న మిషను మొత్తం విప్పి, ముక్కలన్నీ పాత చీర మీద వరసగా పరిచినాడు. ఒక చేతిలో ఎమరీ, ఇంకో చేతిలో మెమరీ పట్టీ. రుద్దడం లేదు. ఎడమ కంటికి దగ్గరగా పెట్టుకు చూస్తున్నాడు.

"ఇది నాను రుద్దినది కాదు. ఎప్పుడు మార్సినావు?"

చెప్పినాను. పూత సంగతీ, చెమ్మ సంగతీ, అన్నీ.

"అంటే సెడగొట్టినోడ్ని నానే. తెలిసినప్పుడే సెప్పలేదేటే?"

"నువ్వు బాధపడతావని, నాన్నా."

ఎమరీ కాగితం కింద పెట్టినాడు. "పని తప్పు సేస్తే మా మేస్త్రీ బూతులు తిట్టీవోడు. మర్నాడు అదే పని మళ్ళీ నాకే ఇచ్చీవోడు. కన్ను పోయినకాడి నించి నన్నొక్కడూ తిట్టలేదే. ఫైలు తప్పు బల్ల మీద పెట్టినా 'పర్లేదు దాదా' అంటారు. నీకంత నోరుంది కదా. నువ్వయినా తిట్టు."

నోరు తెరిచినాను. తిట్టుకి బదులు ఏడుపొచ్చీసింది.

నాన్న నా మొహం కేసి చూసినాడు.

"అదే. ఆఫీసులోనూ అందరూ నన్నిలాగే సూస్తారు" అని స్క్రూలు ఏరుకోడం మొదలెట్టినాడు.